దొడ్డి దీపం, వేడినీళ్ల తొట్టి

మా వెనక వసారాలో వేడినీళ్ల తొట్టి ఉన్నది ఏడు నెలలే. కార్తీకంలో వచ్చింది, వైశాఖం దాటకుండా పోయింది. దాని గురించి రాయమని మా అమ్మాయి చాలాకాలంగా అడుగుతోంది. నేను చదివింది మూడో తరగతి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే దిద్దుకో, విషయం మాత్రం దిద్దొద్దు అని ముందే చెప్పి మొదలుపెట్టాను.

మా ఆయనకి షుగరు. చుండూరు దగ్గర పొలంలో నలభై ఏళ్లు బురదలో నిలబడ్డ కాళ్లు. పొలం కౌలుకిచ్చి తెనాలి వచ్చేశాక మోకాళ్లు బిగిసిపోయాయి, పాదాల్లో స్పర్శ పోయింది. బజారుకెళ్లి ఒక చెప్పుతో ఇంటికొచ్చేవారు. రెండోదేదండీ అంటే అప్పుడు కిందికి చూసుకునేవారు. అరికాల్లో ముల్లు విరిగి చీము పట్టేదాకా ఆయనకి తెలియలేదు, మంచం మీద దుప్పటికి అంటిన మరక చూసి నేను చెబితే తెలిసింది. ఇంకోసారి ఇలా అయితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు కదుపుతూ ఉంటే మోకాళ్లకి మంచిదని కూడా అన్నాడు. ఆ రెండో మాట మా అల్లుడు పట్టుకున్నాడు.

అమ్మాయీ అల్లుడూ మాతోనే ఉండేవాళ్లు. అల్లుడు పొద్దున రైలుకి రేపల్లె వెళ్లి ఒక ఎరువుల కొట్లో లెక్కలు చూసి సాయంత్రం రైలుకి వచ్చేవాడు. బాపట్ల సముద్రం ఒడ్డున ఎవరో లాడ్జి మూసేస్తున్నారని, అందులో వేడినీళ్ల తొట్టి అమ్మేస్తున్నారని రైల్లో విన్నాడట. ఆదివారం పూట చిన్న లారీలో వేసుకుని వచ్చేశాడు. డబుల్ కాట్ అంత వెడల్పు, నడుం లోతు. చుట్టూ కన్నాల్లోంచి నీళ్లు బుసబుసా తంతాయి. అడుగున హీటరు, పక్కన మోటారు, ఎక్కి దిగడానికి స్టీలు కడ్డీ. ఏ కాగితమూ లేదు దాంతో.

"ఏంటి బాబూ ఇది, గేదెల కుడితి తొట్టి తెచ్చావు" అన్నాను.

"మావయ్యగారి కాళ్లకండి అత్తయ్యగారూ. డాబా మీద పెడదాం, గాలొస్తుంది."

డాబా మీద పెట్టడానికి కుదరలేదు. మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి స్లాబు కిందా పైనా చూసి, ఇది నీళ్లతో, మనిషితో నిండితే నడినెత్తిన ఏనుగు కూర్చున్నట్టే, మీ స్లాబు ఏనుగుకి పోసింది కాదు, నేల మీద పెట్టుకోండి, వాడిన నీళ్లు రోడ్డు మీదికి కాదు, పక్క కాలవలోకి గొట్టం వెయ్యండి అని రాసిచ్చి వెళ్లాడు. వెనక వసారాలో, బోరుకి నాలుగడుగుల దూరంలో పెట్టించాం.

కరెంటు పనికి మా ఇంటికి ఎప్పుడూ వచ్చే భాయ్ వచ్చాడు. లైసెన్సు ఉన్న మనిషి, వయసులో నాకన్నా రెండేళ్లు చిన్న. అక్కా అనేవాడు. తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, బీడీ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, ఇది ఫ్యాను బిగించినట్టు కాదు. నీళ్లల్లో మనిషి కూర్చుంటాడు, ఆ నీళ్లల్లోనే కరెంటు కడ్డీ ఉంటుంది. మధ్యన అడ్డం ఉన్నది పల్చటి రేకు. ముందు కరెంటాఫీసులో లోడు పెంచమని రాసివ్వాలి. వాళ్లొచ్చి చూసి ఊ అన్నాకే నీళ్లు నింపాలి."

"మా ఇంట్లో మేం కాళ్లు కడుక్కోవడానికి వాళ్ల ఊ ఎందుకయ్యా?"

"కాళ్లు పోతే వాళ్లే కదా రాసుకోవాల్సింది" అన్నాడు. నవ్వలేదు.

తొట్టిలో కూర్చున్నవాడి చెయ్యి అందేంత దగ్గర్లో ఏ స్విచ్చీ ఉండకూడదన్నాడు. ఇల్లంతటికీ కలిపి ట్రిప్పు స్విచ్చి పెట్టాలన్నాడు. కరెంటు వెళ్లిన దారినే తిరిగి రాకపోతే, అంటే ఎక్కడో భూమిలోకో మనిషిలోకో కారుతుంటే, అది కన్ను మూసి తెరిచేలోగా ఇంట్లో కరెంటు కట్టేస్తుందట. వేడి ఎంతుందో ఆయన కాలితో చూసుకోకూడదు, ఆ కాలికి తెలియదు కాబట్టి నేను మోచెయ్యి పెట్టి చూడాలి. తొట్టికి మూత, మూతకి గడియ. అన్నిటికీ సరేనన్నాను. ఎర్తు దగ్గరే పేచీ వచ్చింది.

"కారిన కరెంటు భూమిలోకి పోవడానికి ఎర్తుకి వేరే గొయ్యి తవ్వాలక్కా. నిలువు లోతు, బొగ్గు, ఉప్పు."

"బోరు పైపు ఎనభై అడుగులు దిగింది. నీ గొయ్యి అంతకన్నా లోతా?"

"లోతు సంగతి కాదు. ఆ పైపు నీళ్ల కోసం వేసింది. రేపెవడో మేస్త్రీ వచ్చి మధ్యలో ప్లాస్టిక్ ముక్క వేసి పోతాడు. ఎర్తు ఉందనుకుంటాం. ఉండదు."

"ఉప్పు కూడా నా చేతే కొనిపిస్తావన్నమాట."

"ఉప్పు నేను తెస్తాలే, నువ్వు చారులో వేసేసుకోకు."

అప్పటికి వానలకి దొడ్డంతా నీరు పట్టి ఉంది. నేల ఆరాక తవ్వుతానని, అందాకా తొట్టి కడ్డీకీ హీటరుకీ ఎర్తు వైరు తాత్కాలికంగా బోరు పైపుకే బిగించాడు.

ఆ పైపుకి అప్పటికే ఇంకో వైరు చుట్టి ఉంది. భాయ్ దాన్ని చూడలేదు. పైపుకి ఎండ తగలకుండా నేను చుట్టిన గోనెపట్టా కింద ఉంది.

మా దొడ్డి చివర మరుగుదొడ్డి. అక్కడ గోడకి ఒక దీపం. ఆయన చీకటి పడేవేళ అటు వెళ్తూ ఒకసారి పడ్డారు, ఆ దీపం లేకుండా కుదరదు. రెండేళ్ల కిందట దానికి వెళ్లే రెండు వైర్లలో ఒకటి గోడ లోపలెక్కడో తెగింది. గోడ పగలగొట్టి కొత్త వైరు లాగాలన్నారు. నాకు ఇష్టం లేకపోయింది. చుండూరు పొలాల్లో మోటారు షెడ్ల దగ్గర న్యూట్రల్ వైరు తెగితే దానికోసం ఎవరూ ఆగేవాళ్లు కాదు. బల్బుకి ఒక వైరు ఫేజు నుంచి, రెండోది బోరు పైపుకి. భూమే రెండో వైరు, దీపం వెలుగుతుంది. మా ఆయన ఎన్నోసార్లు కట్టారు, నేను టార్చి పట్టుకుని నిలబడేదాన్ని. అదే చేశాను. ఫ్యూజు పీకి, బల్బు రెండో వైరు తెచ్చి బోరు పైపుకి చుట్టి, మీద గోనె కప్పాను. దీపం బాగానే వెలిగింది. బాగుచేయించావా అని ఆయన అడిగితే ఆ అన్నాను.

ట్రిప్పు స్విచ్చి పెట్టిన రోజు నుంచీ సాయంత్రం కాగానే ఇంట్లో కరెంటు పోవడం మొదలైంది. భాయ్ రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ పగలే వచ్చాడు, అంతా సరిగ్గానే ఉంది. తొట్టి మోటారు విప్పాడు, హీటరు విప్పాడు. మూడోనాడు నేను దొడ్డి దీపం స్విచ్చి నొక్కాను, నా వేలు స్విచ్చి మీద ఉండగానే ఇల్లంతా చీకటైంది. వేలు తీశాను. ట్రిప్పు స్విచ్చి టక్‌మన్న చప్పుడు వసారాలోంచి వినిపించింది. ఆ డబ్బా ఎవర్ని పట్టిస్తోందో అప్పుడే అర్థమైంది నాకు.

చెప్పి ఉండొచ్చు. చెబితే గోడ పగలాలి. అంతకన్నా, ఇంట్లో అందరూ చేసే తప్పులు ఏరి ఏరి అనే నోరు నాది. చెప్పలేదు.

కరెంటాఫీసు నుంచి ఇంజనీరు వస్తుందన్న రోజు పొద్దున్నే స్టూలెక్కి దొడ్డి బల్బు ఊడదీసి బియ్యం డబ్బాలో దాచాను. వచ్చింది చిన్న పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు. పెట్టెలోంచి మీటరు తీసి పైపుకి పెట్టి చూసింది, ట్రిప్పు స్విచ్చి బొత్తాం నొక్కి చూసింది, ఇంట్లో స్విచ్చిలన్నీ వేయించింది.

"అమ్మమ్మగారూ, దొడ్లో లైటు వెలగట్లేదేంటండి?"

"మాడిపోయిందమ్మా, తేవాలి."

ఆ అమ్మాయి నా మొహంకేసి చూసి నవ్వి కాగితం రాసింది. లోడుకి అనుమతి ఇస్తున్నామని, నెలలోగా తొట్టికి వేరే ఎర్తు గొయ్యి తవ్వించి చూపించాలని, ట్రిప్పు స్విచ్చి తియ్యకూడదని తెలుగులోనే ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. చదివి దేవుడి పటం వెనక పెట్టాను.

సాయంత్రం బల్బు తిరిగి పెట్టి స్విచ్చి వేశాను. టక్‌మంది.

"బాబూ, పర్మిషన్ వచ్చేసింది కదా, ఈ డబ్బాతో మనకింకేం పని. ఒట్టి పిరికిది, పిల్లి తుమ్మినా కరెంటు తీసేస్తోంది" అన్నాను అల్లుడితో.

"భాయ్‌ని అడుగుదామండి."

"భాయ్ రెండుసార్లు వచ్చి చేసిందేంటి?"

మర్నాడు అల్లుడు దాన్ని దాటించి వైరు కలిపేశాడు. డబ్బా గోడ మీద అలాగే ఉంది, లోపల ప్రాణం లేదు. భాయ్ సంక్రాంతి వెళ్లాక గొయ్యి తవ్వడానికి గునపం పట్టుకొచ్చాడు. ఆకుకూరల మడి వేశాం, తీశాక చెబుతాలే అన్నాను. ఇంకో నెలాగి మళ్లీ వచ్చాడు, మళ్లీ పంపేశాను.

తొట్టి మాత్రం ఆయనకి పనికొచ్చిందనే అనుకున్నాం. మొదట్లో పొద్దున పూట కూర్చునేవారు. మోకాళ్లు కాస్త వంగేవి. మాఘంలో ఒకనాడు ఎందుకో సాయంత్రం దిగారు. బయటికొచ్చేటప్పుడు ఒక కాలు నీళ్లలో, ఒక కాలు తడి గచ్చు మీద పెట్టి గట్టున కూర్చుండిపోయారు.

"ఏమేవ్, ఇలా రా" అన్నారు. గొంతు అదోలా ఉంది. "పాదంలో చిమచిమలాడుతోంది."

"ఏ పాదంలో?"

"రెండిట్లోనూ. చీమలు పాకినట్టు. చచ్చిపోయిన కాళ్లే ఇవి, నాకు తెలుస్తోంది."

అమ్మాయి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆయన కళ్లు తడిశాయి. పెళ్లయి అన్నేళ్లలో వాళ్లమ్మ పోయినప్పుడు తప్ప నేను చూడని కన్నీళ్లు అవి. డాక్టరుకి చెబితే స్పర్శ వస్తుంటే సంతోషమే కదండీ అన్నాడు. ఆ తర్వాత ఆయనే కనిపెట్టారు, పొద్దున కూర్చుంటే ఏమీ తెలియదని, దీపాలు పెట్టే వేళకైతే నరాలు లేస్తున్నాయని. పొద్దున స్నానం మానేసి సాయంత్రం చేసుకున్నారు. ఒక కాలు లోపల, ఒక కాలు గచ్చు మీద. అలా అరగంట. రోజురోజుకీ ఎక్కువ తెలుస్తోందనేవారు. వచ్చే ఏడాదికి పొలం గట్టు మీద నడుస్తానన్నారు.

బోరు పైపు మెడ దగ్గర తుప్పు పట్టి నీరు ఊరుతోంది ఆ రోజుల్లో. ఒక సాయంత్రం బోరు కింద బిందె పెట్టి కుళాయి తిప్పితే నా వేళ్లు గిల్లినట్టయింది. చెయ్యి తీసి చూసుకున్నాను. మళ్లీ పెట్టలేదు. మర్నాటి నుంచీ వసారాలోకి చెప్పులేసుకుని వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

"వంటింటి గడప తొక్కితే కాళ్లు కడుక్కోమనే మనిషివి, ఇంట్లో చెప్పులేంటమ్మా?" అంది అమ్మాయి.

"గచ్చు జారుతోంది."

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. మిగతాది తెలుసుకోవాలని లేదు. ఆయన మొహంలో ఆ వెలుగు సాయంత్రం పూటే వస్తోంది, దీపం వేశాకే వస్తోంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి మూడో తరగతి కూడా అక్కర్లేదు.

వైశాఖంలో నీళ్లు దిగిపోయాయి. తుప్పు పట్టిన మెడ చివికి, మోటారు వేస్తే గాలి లాగుతోంది. బోరు మేస్త్రీ పొద్దున వచ్చి చివికిన ముక్క కోసేసి, దాని చోట ప్లాస్టిక్ పైపు జేనెడు అతికించి, పై వంపు పాత ఇనపదే మళ్లీ బిగించాడు. వైర్లు రెండూ ఆ వంపుకే ఉన్నాయి. వాటిని అతను ముట్టుకోలేదు. పైన ఇనుము, కింద ఇనుము, మధ్యలో తెల్లటి ప్లాస్టిక్. నేను పక్కనే నిలబడి చూశాను. భాయ్ అన్న మాట గుర్తు రాలేదని రాస్తే అబద్ధం. గుర్తొచ్చింది. మూడు నెలలుగా వెనక్కి పంపిన మనిషిని ఏ మొహంతో పిలవను అనుకున్నాను.

ఆ సాయంత్రం అల్లుడింకా రాలేదు. ఆయన తొట్టిలో ఉన్నారు. వంటింటి గుమ్మం దగ్గర దొడ్డి దీపం స్విచ్చి వేశాను. వెలగలేదు. బల్బు పోయిందనుకున్నాను. స్విచ్చి కట్టకుండానే ఇంకో బల్బు పట్టుకుని దొడ్లోకి నడిచాను. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఆయన మాట వినిపిస్తూనే ఉంది, ఈ రోజు గట్టున కూర్చోలేదు, నీళ్లల్లోనే ఉన్నారు, చెయ్యి ఇవ్వవే లేస్తాను అంటున్నారు అమ్మాయితో.

దీపం కింద నిలబడి తలెత్తాను. ఆరిపోయి ఉన్న బల్బులో తీగ ఎర్రబడింది. వెలుగు కాదు, పొయ్యిలో చివరి నిప్పులా ఎరుపు. అప్పుడే వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు కాదు. గొంతులో గాలి ఇరుక్కున్న చప్పుడు.

తిరిగి చూశాను. మా అమ్మాయి ఒట్టి కాళ్లతో తడి గచ్చు మీద నిలబడి తొట్టి స్టీలు కడ్డీ పట్టుకుని ఉంది. పట్టుకోవడం కాదు, కడ్డీయే పట్టుకున్నట్టుంది దాన్ని. తర్వాత ఎవరో తోసినట్టు వెనక్కి విరుచుకుపడింది. తీగలో ఎరుపు పోయింది.

ఆ కరెంటుకి పోయే దారి లేదు పొద్దుట్నుంచీ. ఎవరైనా ముట్టుకుంటే వాళ్లే దారి.

ఆయన కూతుర్ని చూశారు. కడ్డీ పట్టుకుని, ఒక కాలు గట్టు దాటించి బయటికి పెడుతున్నారు.

"కాలు పెట్టకండి. కిందికి పెట్టకండి."

ఆయన వినలేదు. ఏ తండ్రి వింటాడు. నేను పరిగెత్తాను. అంత వయసులో నేనంత దూరం పరిగెత్తగలనని అప్పటిదాకా తెలియదు. గుమ్మం దగ్గర స్విచ్చి కట్టాను. వెనక ఆయన పాదం గచ్చు మీద పడ్డ చప్పుడు విన్నాను. కళ్లు మూసుకున్నాను.

"అమ్మడూ" అంటున్నారాయన. బతికే ఉన్నారు. మోకాళ్ల మీద పాకుతూ కూతురి దగ్గరికి వెళ్తున్నారు.

అమ్మాయి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అరచేతిలో కడ్డీ మందాన కాలిన గీత. రెండో రోజు అల్లుడు టిఫిన్ తేవడానికి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి రమ్మంది.

"అమ్మా, నేను పడిపోయినా చూస్తూనే ఉన్నాను. ఇల్లంతటికీ కరెంటు ఆపే మెయిన్ స్విచ్చి వసారాలోనే ఉంది, దాని పక్కనుంచే వెళ్లావు నువ్వు. దాన్ని కట్టకుండా దొడ్డి దీపం స్విచ్చి దాకా ఎందుకు పరిగెత్తావు?"

అప్పుడు చెప్పాను. గోనె కింద వైరు, బియ్యం డబ్బాలో బల్బు, పటం వెనక కాగితం, చెప్పులు. అంతా విని అది గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "చెప్పులు నాకూ ఒక జత ఇవ్వలేకపోయావా" అంది.

భాయ్ వచ్చి పైపు మీద గోనె తీసి చూసి గునపం అందుకున్నాడు. గొయ్యి తవ్వాడు. గోడ పగలగొట్టి దీపానికి కొత్త వైరు లాగాడు. ట్రిప్పు స్విచ్చి కలిపాడు. ఇంజనీరు అమ్మాయిని మళ్లీ పిలిపించి నేను చేసిందంతా నేనే చెప్పాను. ఆ అమ్మాయి ఈసారి నవ్వలేదు. కాగితం మీద ఏదో కొట్టేసి, కొత్తది రాసి, ఎర్తు దగ్గర నీళ్లు ఎండాకాలం రోజూ పొయ్యండి అని మాత్రం అంది.

ఆ వారం ఆయన మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లారు. ఇప్పుడు భయం లేదని భాయ్ చెప్పాడు కదా అని నేనే వేడి చూసి పెట్టాను. దీపం వేశాను. గట్టున కూర్చుని ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టారు. చాలాసేపు కూర్చున్నారు. పాదం గచ్చుకేసి నొక్కారు, తీశారు, మళ్లీ నొక్కారు.

"ఇవాళ రావట్లేదేంటే?"

ఆయన ముందు నేల మీద కూర్చుని చెప్పాను. మీ కాళ్లు లేవలేదండీ, అది కరెంటు అని. నేను కట్టిన దీపంలోంచి కారిన కరెంటు అని. తిడతారనుకున్నాను. ఆయన తన పాదాల కేసే చూస్తున్నారు, వేరే ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టు.

"మరి తెలిసింది కదే నాకు" అన్నారు. "కాళ్లు పూర్తిగా చచ్చిపోతే తెలియదు కదా."

"ప్రాణం పోయేదండీ."

"కొంచెమే వచ్చేట్టు కట్టొచ్చు. మొదట్లో ఉన్నట్టు. ఒక్కసారి కట్టి చూడు."

నేను లేచి వెళ్లిపోయాను. మర్నాడు అడిగారు. ఆ మర్నాడూ అడిగారు. నాలుగోనాడు అడగలేదు. ఇక వదిలేశారనుకున్నాను.

ఆ సాయంత్రం వసారాలో డబ్బా టక్‌మని ఇంట్లో కరెంటు పోయింది. వెళ్లి చూస్తే ఆయన బోరు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో వైరు ముక్క, చివర పళ్లతో ఒలిచి ఉంది, ఇనప వంపుకి మూడు చుట్లు చుట్టేశారు. మోటారు షెడ్డులో చుట్టినట్టే, ఒత్తుగా, నీటుగా. ఇంకో చివర దీపం వైరులోకి దూర్చి ఉంది. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అది కట్టేసింది" అన్నారు, గోడ మీది డబ్బా చూపిస్తూ. "అదొక్కటి దాటిస్తే చాలు. అల్లుడికి చెప్పు."

చుట్లు విప్పాను. వైరు నా చేతికి ఇవ్వడానికి ఆయనకి ఇష్టం లేదు, వేళ్లు ఒక్కొక్కటే తియ్యాల్సి వచ్చింది. తెల్లారి అల్లుడు రైలెక్కకముందే లారీ మాట్లాడి తొట్టి పంపించేశాను.